చీరాల కథలో బిజినెస్ స్కూల్ ఎస్సే

బిజినెస్ స్కూల్ అప్లికేషన్‌లో లీడర్‌షిప్ గురించి అడగ్గానే చాలామంది "నాలో లీడర్ ఉన్నాడు" అని రాసేస్తారు. చదివేవాళ్లు ఎలా నమ్ముతారు? మన చీరాల చరిత్ర చూడండి.

1919లో చీరాల, పేరాలని కలిపి మున్సిపాలిటీ చేయాలని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. ఏడాదికి 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకి పెరిగింది. నేతపని చేసుకునేవాళ్లు, చిన్న రైతులు ఎక్కణ్ణుంచి తెచ్చి కడతారు? ఎడిన్‌బరోలో ఎంఏ చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్ల పక్కన నిలబడ్డారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ వచ్చారు. ఆ తర్వాత దాదాపు 13 వేల మంది ఇళ్లు వదిలేసి, ఊరి హద్దు బయట రామ్‌నగర్ కట్టుకుని 11 నెలలు పాకల్లో ఉన్నారు. గోపాలకృష్ణయ్య జైలుకెళ్లారు. డబ్బులు చాల్లేదు. జనం తిరిగొచ్చేశారు, మున్సిపాలిటీ ఉండిపోయింది.

గమనించారా? ఈ కథ చెప్తూ ఆయన్ని గొప్ప లీడరని నేను ఒక్కసారీ అనలేదు. మీకే అర్థమైంది. ఓటమిని కూడా దాచలేదు.

మీ ఎస్సే కూడా అంతే. సమస్య ఏంటి, మీరేం నిర్ణయించారు, దానికి ఏం పోగొట్టుకున్నారు, చివరికి ఏమైంది — ఈ నాలుగూ అంకెలతో, ఉన్నదున్నట్టు రాయండి. పొగడ్త వాళ్లకే వదిలేయండి.