కంటకసేల తూర్పు వాకిట

విదేశములనుండి పండితులను రప్పించి, బస యేర్పరచి, కొన్ని మాసములు తమతోకూడ శాస్త్రవిచారము చేయుడని కోరుట నేటి విశ్వవిద్యాలయములకు గౌరవకార్యము. ఇది పాశ్చాత్యులను జూచి మనము నేర్చిన పద్ధతియని పలువురు తలంతురు. బందరుకు సమీపముననే, దివిసీమలోని ఘంటసాలకు పోయి, యచ్చటి స్తూపపు శిథిలములయొద్ద నొక గడియ నిలిచినచో ఈ తలంపు కొంత సడలక మానదు.

ప్రాచీనులు కంటకసేల యని పిలిచిన పట్టణమే ఈ ఘంటసాల. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దిలో యవనపండితుడైన టాలెమీ దీనిని మైసోలియా తీరపు వర్తకస్థానముగా పేర్కొనెను. ఇచ్చటి శాసనమొకటి శివకుడను మహానావికుని తలచుచున్నది. అట్టి రేవునకు ఓడలపై సరకులు మాత్రమే వచ్చినవా? మనుష్యులును వచ్చిరి, వారితోకూడ విద్యయు వచ్చెను. దానికి సాక్ష్యము కావలెనన్న కృష్ణవెంట ఎగువకు, నాగార్జునకొండకు పోవలెను.

ఆ కొండయొద్ద 1926లో బయటపడిన శిథిలములలో దొరకిన శాసనములను లైడెన్ విశ్వవిద్యాలయపు పండితుడు వోగెల్ చదివి ప్రకటించెను. వానిలో నొకటి ఇక్ష్వాకురాజైన వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమునాటిది, అనగా క్రీ. శ. మూడవ శతాబ్దిది. బోధిసిరి యను ఉపాసిక చులధమ్మగిరి విహారమున చైత్యగృహమును కట్టించి, తామ్రపర్ణి, అనగా సింహళము, నుండి వచ్చిన ఆచార్యుల కర్పించినట్లు అందున్నది. ఆ యాచార్యులు కాశ్మీర, గాంధార, చీన, వంగ, యవనాది దేశములకు ధర్మము నెరిగించినవారట. పొగడ్తలో అతిశయోక్తి యున్న నుండుగాక. అన్ని దేశముల పేరులు ఒక యాంధ్రస్త్రీ శాసనమున కెక్కుటయే నాకు వింతగా నున్నది.

ఆమె చేయించిన పనుల పట్టికను చూడుడు. సింహళవిహారమని యొకటి యప్పటికే యుండెను. అందు బోధివృక్షమునకు గుడి కట్టించినది. మహాధమ్మగిరిలో నొక గది. హిరుముఠువలో మూడు గదులు. పాపిలలో ఏడు గదులు. పూర్వశైలమున చెరువు, వసారా, మంటపము. దూరమునుండి వచ్చినవానికి తలదాచుకొన గది, స్నానపానములకు నీరు, కూర్చుండి మాటలాడుటకు నీడ. ఇల్లు నడపిన చేయియే ఈ పట్టికను వ్రాయించినదని తోచును. ఆమె రాణి కాదు. పుణ్యమును తాను మాత్రమే యుంచుకొనక, తల్లిదండ్రులు, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, కొడుకులు, కూతుండ్రు, కోడండ్రు అందరికిని పంచియిచ్చినది. ఆ పట్టికలోనే మన దివిసీమయు నున్నది: కంటకసేల మహాచైత్యమునకు తూర్పు వాకిట రాతిమంటపము. నేడు గ్రంథాలయమునకు చందా యడుగవచ్చినవారు ఇంటి యజమానికొరకే వాకిట కాచుకొందురు గదా!

ఏడవ శతాబ్దిలో చీనాయాత్రికుడు హ్యూన్‌త్సాంగు ధాన్యకటకదేశమునకు వచ్చెను. సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులయొద్ద మాసములతరబడి నిలిచి మహాసాంఘికుల మూలాభిధర్మమును చదివెను. ఆ యిద్దరును తిరిగి అతనియొద్ద మహాయానశాస్త్రములు చదివిరని అతని జీవితచరిత్రము చెప్పుచున్నది. అతిథి యెవడో గురువెవడో వేరుచేయుట కష్టము.

తరువాత మనము చేసినదేమి? గుడివాడలో నాలుగు స్తూపములను పడగొట్టి, ఆ సామగ్రిని బెజవాడ-బందరు రోడ్డునకు వాడిరి. ఆ పనిలో నాలుగు ధాతుకరండములు బయటపడెను. మిగిలినదానిని అలెగ్జాండర్ రే పరిశీలించి, భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాలలను గూర్చి 1894లో గ్రంథము ప్రకటించెను. ఇటుకలు పోయినందుకు నేను మిక్కిలి వగవను. ఆ కాలపువారికి రోడ్డు అవసరము, దిబ్బ యెవరిదో తెలియదు. నన్ను నొప్పించునది వేరొకటి. కృష్ణాతీరమున ఇట్టి దిబ్బలు కొన్నింటికి జనులు లంజదిబ్బ యని పేరు పెట్టిరి. ఏ వేశ్యయో కట్టించినదని కథలల్లిరి. ఆ పేరు పుస్తకములకును ఎక్కినది. పెద్దకట్టడమును ఆడుది కట్టించినదనిన, ఆమె కులస్త్రీ యైయుండునన్న యూహ మనవారికి తోపలేదు కాబోలు.

కంటకసేల తూర్పు వాకిట మంటపము కట్టించిన గృహిణి పేరు బోధిసిరి. అది రాతిమీద నున్నది.