లావు: బలం నుంచి బరువు వరకు - స్థూలకాయంపై తెలుగు సమాజ దృష్టి

వ్యాససంగ్రహం:
స్థూలకాయాన్ని సమాజం అంగీకరించాలా అన్న ప్రశ్న ఇటీవలిదిగా కనిపించినా, శరీర పరిమాణానికి సమాజం విలువ కట్టే పద్ధతికి తెలుగులో సుదీర్ఘ చరిత్ర ఉంది. పదచరిత్ర, వ్రతకథ, ఆయుర్వేదం, సినిమా ఆధారాలుగా ఆ చరిత్రను పరిశీలించి, నిజాంసాగర్ ఆయకట్టులోని కోటగిరి ప్రాంత ఆహార చరిత్రతో దానిని అన్వయించడం ఈ వ్యాస లక్ష్యం.

ముఖ్యపదాలు: స్థూలకాయం, లావు, దొడ్డు, కోటగిరి, నిజాంసాగర్, ఆహార చరిత్ర.

1. ఉపోద్ఘాతం:
నిజామాబాద్ జిల్లాలోని కోటగిరి మండలం బాన్సువాడ శాసనసభ నియోజకవర్గంలో భాగం. 2016 జిల్లాల పునర్విభజనలో బాన్సువాడ కామారెడ్డి జిల్లాలో చేరగా, కోటగిరి నిజామాబాద్‌లోనే నిలిచింది. వరి, చెరకు పంటలతో ముడిపడిన ఈ ప్రాంతంలో ఒకనాడు శరీరం చిక్కిపోవడం భయం. నేడు శరీరం పెరగడం భయం. ఈ రెండు భయాల మధ్య దూరం సుమారు మూడు తరాలు. సమాజం స్థూలకాయులను ఎలా చూడాలన్న చర్చకు ముందు ఈ మార్పు ఎలా జరిగిందో తెలుసుకోవడం అవసరం.

2. పదాలు చెప్పే చరిత్ర:
'లావు' అనే మాటకు ప్రాచీన తెలుగులో ప్రధానార్థం బలం. పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు తనలో లావు లేదని మొరపెట్టుకుంటాడు. అడవిలో అన్నింటికన్నా పెద్ద దేహం గల ఏనుగు ఆ మాట అనడంలోనే అక్కడ లావు దేహ పరిమాణం కాదని, శక్తి అని స్పష్టమవుతుంది. 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులో బలం, స్థౌల్యం అనే రెండు అర్థాలూ కనిపిస్తాయి. నేటి వాడుకలో మొదటి అర్థం దాదాపు లుప్తమై రెండవది మాత్రమే మిగిలింది. అదీ తరచుగా ఎత్తిపొడుపుగా మిగిలింది.

తెలంగాణలో ఎక్కువగా వినిపించే 'దొడ్డు' అనే మాట కూడా ఇలాంటిదే. దొడ్డ మనసు, దొడ్డవాడు అన్నప్పుడు అది గొప్పతనం. దొడ్డు మనిషి అన్నప్పుడు స్థౌల్యం. దొడ్డు బియ్యం అన్నప్పుడు పేదవాడి కూడు. సన్న బియ్యం కలిగిన ఇంటి తిండి. ధాన్యం విషయంలో సన్నానికి విలువ ఎక్కువైనా, మనిషి విషయంలో చాలాకాలం పరిస్థితి వేరుగా ఉండేది. 'బక్కగైనవ్' అన్న పలకరింపులో ఆందోళన ఉండేది. 'ఒళ్ళు చేశావు' అన్న మాటలో మెచ్చుకోలు ఉండేది. తిండికి కరువున్న సమాజంలో నిండైన దేహం కలిమికి, ఆరోగ్యానికి గుర్తు. గురజాడ 'దేశభక్తి' గేయంలో తిండిని కండతోను, కండను మనిషితనంతోను ముడిపెట్టిన కాలమూ అదే.

3. వ్రతకథ, వైద్యశాస్త్రం:
వినాయక వ్రతకథ తెలుగు ఇళ్ళలో ఏటా చవితినాడు చదువుకునేది. కుడుములు, ఉండ్రాళ్ళు ఆరగించిన వినాయకుడు తల్లిదండ్రులకు వంగి నమస్కరించలేక ఇబ్బంది పడుతుంటే, శివుని తలమీది చంద్రుడు నవ్వుతాడు. శాపం తగిలింది పొట్టకు కాదు, నవ్వినవాడికి. కథ ఇంకో విషయమూ దాచలేదు. నిండిన పొట్ట వల్ల కలిగిన బాధను వర్ణించింది, అది పగిలిందనీ చెప్పింది. దేహానికి ఇబ్బంది ఉందని ఒప్పుకుంటూనే, దానిని చూసి నవ్వడం దోషమని నిర్ణయించిన కథ ఇది. లంబోదరుడన్న పేరును పూజానామంగా నిలిపిన సంప్రదాయం కూడా ఇదే.

ఆయుర్వేదం ధోరణి వేరు. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం ఎనిమిది రకాల నిందితులను పేర్కొంటుంది. అతిదీర్ఘుడు, అతిహ్రస్వుడు, అతిరోముడు, రోమరహితుడు, అతికృష్ణుడు, అతిగౌరుడు, అతిస్థూలుడు, అతికృశుడు. అతిస్థూలుడితో పాటు అతికృశుణ్ణి కూడా నిందితుల్లో చేర్చడం గమనించదగినది. స్థౌల్యానికి అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర వంటి కారణాలతో పాటు బీజస్వభావాన్ని, అంటే పుట్టుకతో వచ్చే లక్షణాన్ని కూడా చరకుడు చెప్పాడు. స్థౌల్యం కేవలం తిండిపోతుతనం కాదన్న ఎరుక ప్రాచీన వైద్యానికే ఉంది. ఆ ఎరుక లోకవ్యవహారంలోకి రాలేదు. 'నిందితుడు' అన్న మాట మాత్రం వచ్చింది.

4. కోటగిరి నేలలో తిండి మార్పు:
మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పర్యవేక్షణలో రూపొందిన ఈ ప్రాజెక్టు 2 లక్షల ఎకరాలకు పైగా భూమికి నీరందించేందుకు ఉద్దేశించింది. కాలువ నీరు రావడంతో బాన్సువాడ, వర్ని, కోటగిరి, బోధన్ ప్రాంతాల్లో వరి, చెరకు విస్తరించాయి. ఆ చెరకును ఆధారం చేసుకొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన స్థానం వెలసింది.

జొన్న రొట్టె, గటక తిన్న తెలంగాణ పల్లెలో వరి అన్నం పండుగనాటి భోజనం. కాలువ దానిని పంటగా తెచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రవేశపెట్టిన 2 రూపాయల కిలో బియ్యం దానిని నిత్యభోజనం చేసింది. 2015 జనవరి నుంచి తెలంగాణలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం కిలో రూపాయికి అందింది. 2025లో రేషన్ దుకాణాల్లో సన్న బియ్యం పంపిణీ మొదలైంది. ఇదంతా ఆకలిపై సాధించిన విజయం. దీనిని తక్కువ చేసి చూడటం అన్యాయం. అయితే ఇదే కాలంలో నాగలి స్థానంలో ట్రాక్టరు, కొడవలి స్థానంలో కోతయంత్రం వచ్చాయి. పళ్ళెంలో పిండిపదార్థం పెరిగింది, ఒంటికి పని తగ్గింది. పప్పు, కూరగాయలు, పాలు అదే నిష్పత్తిలో చౌక కాలేదు. కాబట్టి ఈ ప్రాంతంలో పెరిగిన నడుము కొలతను వ్యక్తి క్రమశిక్షణ లోపంగా మాత్రమే చూడటం చరిత్రకు విరుద్ధం. అది సాగునీరు, ధరలు, యంత్రాలు కలిసి రాసిన లెక్క.

5. కొలబద్ద, వెండితెర:
ఎత్తు, బరువుల నిష్పత్తిని 19వ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త క్వెట్లే ప్రతిపాదించాడు. 1972లో ఆన్సెల్ కీస్ బృందం దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టింది. జనసమూహాల సగటును తెలుసుకోవడానికి పుట్టిన ఈ కొలత క్రమంగా వ్యక్తులపై తీర్పుగా మారింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 30.1 శాతం, పురుషులలో 32.3 శాతం అధిక బరువు లేదా స్థూలకాయం గలవారు. అదే సర్వేలో 18.8 శాతం స్త్రీలు ఉండవలసిన దానికన్నా తక్కువ బరువుతో ఉన్నారు. దొడ్డు, బక్క అనే రెండు సమస్యలూ ఒకే సమాజంలో పక్కపక్కనే ఉన్నాయి.

లెక్కల్లో పురుషులే ఎక్కువగా ఉన్నా, నవ్వు ఎక్కువగా స్త్రీల మీదే పడింది. ఇ.వి.వి. సత్యనారాయణ దర్శకత్వంలోని 'కితకితలు' (2006) లావుపాటి భార్యను హాస్యానికి కేంద్రం చేసి, చివరకు భర్తకు బుద్ధి చెప్పింది. 'సైజ్ జీరో' (2015) సన్నబడటాన్ని అమ్ముకునే వ్యాపారాన్ని ప్రశ్నించింది. తొమ్మిదేళ్ళలో కథ నవ్వునుంచి ప్రశ్న వైపు కదిలింది. అయినా పెళ్ళిచూపుల్లో పిల్ల కాస్త లావన్న మాట నేటికీ ఒక తీర్పే.

6. అంగీకారానికి అర్థం:
అమెరికాలో 1969లో స్థూలకాయుల హక్కుల సంఘం ఏర్పడింది. 1976లో మిషిగన్ రాష్ట్రం, 2023లో న్యూయార్క్ నగరం బరువు ఆధారంగా వివక్ష చూపడాన్ని చట్టవిరుద్ధం చేశాయి. దీనికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. స్థూలకాయం మధుమేహానికి, గుండెజబ్బులకు దారి తీస్తుంది గనుక, అంగీకారం నిర్లక్ష్యాన్ని పెంచుతుందని ఆ వాదం. ప్రమాదం నిజమే. ఆసియావాసులకు తక్కువ బరువు వద్దే ముప్పు పెరుగుతుందని, 23 సూచికనే హెచ్చరికగా తీసుకోవాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం సూచించింది కూడా.

కానీ ఈ ఆక్షేపణలో అవమానం మందుగా పనిచేస్తుందన్న నమ్మకం దాగి ఉంది. 2020లో అంతర్జాతీయ నిపుణులు వెలువరించిన ఉమ్మడి ప్రకటన దీనికి భిన్నంగా, బరువుపై నింద శారీరక, మానసిక హాని కలిగిస్తుందని, తగిన వైద్యం అందకుండా చేస్తుందని పేర్కొంది. సిగ్గుపడిన మనిషి ఆసుపత్రి గడప తొక్కడు. రోగాన్ని అంగీకరించడం వేరు, రోగిని అంగీకరించడం వేరు. మధుమేహాన్ని ఎవరూ మెచ్చరు, మధుమేహ రోగిని చూసి ఎవరూ నవ్వరు. స్థూలకాయుడికీ అదే మర్యాద చెల్లాలి.

7. ముగింపు:
• లావు, దొడ్డు అనే పదాల అర్థచరిత్ర శరీర పరిమాణానికి విలువ స్థిరం కాదని నిరూపిస్తుంది.
• వ్రతకథ దోషాన్ని నవ్వినవాడిలో చూసింది. చరకుడు కారణాల్లో పుట్టుకను గుర్తించాడు. అంగీకారం పరాయి భావన కాదు.
• కోటగిరి ప్రాంత చరిత్ర స్థూలకాయాన్ని వ్యక్తి తప్పుగా కాక ఆహార వ్యవస్థ ఫలితంగా చూపుతుంది. రేషన్‌లో బియ్యంతో పాటు పప్పు, జొన్న వంటివి అందడం, వైద్యుడు నిందించక వినడం దీనికి తగిన పరిష్కార మార్గాలు.
• సమాజం అంగీకరించవలసింది మనిషిని. మార్చుకోవలసింది పళ్ళేన్ని, పని తీరును, నవ్వును.