విమానం వచ్చింది, మెకానిక్కు రాలేదు

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో విమానాశ్రయం మాట ఎత్తితే చర్చ రెండు ప్రశ్నల చుట్టే తిరుగుతుంది. రన్‌వే ఎంత పొడవు? భూమి ఎన్ని ఎకరాలు? 2025 ఫిబ్రవరిలో పక్కనున్న వరంగల్ మామునూరుకు, ఏప్రిల్‌లో ఆదిలాబాద్‌కు కేంద్రం నుంచి అనుమతులు వచ్చినప్పుడు కూడా పత్రికల నిండా ఈ లెక్కలే. ఆశపడటంలో తప్పులేదు. కానీ ఈ ప్రాంతానికి విమానం కొత్త కాదు. నిజాం కాలం నుంచి ఇక్కడ నేల చదును చేశారు, విమానాలు దిగాయి, కొన్నేళ్లకు రావడం మానేశాయి. ఇలా ఒకటికి రెండుసార్లు ఎందుకు జరిగిందో తెలుసుకోకుండా మళ్లీ రన్‌వే కొలతల దగ్గరే మొదలుపెడితే పాత కథే మళ్లీ నడుస్తుంది. నా వాదన ఇది: ఉత్తర తెలంగాణలో విమానం ఎప్పుడూ చుట్టంగానే వచ్చిపోయింది. దాన్ని చూసుకునే మనిషి, పనిముట్టు, నిబంధన ఇక్కడ స్థిరపడలేదు. చిన్న విమానాల చరిత్రలో ఆ మూడూ ఎక్కడ కుదురుకుంటే విమానయానం అక్కడే నిలిచింది.

హైదరాబాద్ సంస్థానం ఈ విషయంలో వెనకబడి లేదు. 1930ల్లోనే బేగంపేటలో ఏరో క్లబ్బు నడిచింది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. 1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. కంపెనీ పేరు పోయినా బేగంపేటలో విమానాల పని పోలేదు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్ల శిక్షణ కేంద్రాన్ని హైదరాబాద్‌లోనే నడిపింది, ఫ్లయింగ్ క్లబ్బు కొనసాగింది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిన తర్వాత కూడా బేగంపేట మూగబోలేదు. శంషాబాద్‌లోనూ టెర్మినల్‌తో ఆగకుండా పెద్ద విమానాల మరమ్మతు కేంద్రం వెలిసింది. అదే సంస్థానంలో, అదే నిజాం హయాంలో మామునూరులో, ఆదిలాబాద్‌లో కూడా విమానాలు దిగే మైదానాలు తయారయ్యాయి. మామునూరు పౌర విమానాలకు మూతపడింది. ఆదిలాబాద్ మైదానం వైమానిక దళం చేతిలో ఉండిపోయింది. ఒకే పాలకుడు, ఒకే కాలం, ఫలితం మాత్రం రెండు రకాలు. రాజధాని కావడం ఒక కారణమే. అయితే రాజధానిలో విమానంతోపాటు దాన్ని విప్పి బిగించగల చేతులు కూడా ఉన్నాయన్నది అంతకు తక్కువ కారణమేమీ కాదు.

బసంత్‌నగర్ కథ ఇంకా స్పష్టంగా చెబుతుంది. 1969లో కేశోరామ్ సిమెంట్ కర్మాగారం అక్కడ మొదలైంది. బిర్లాల ఆ కంపెనీ తన అవసరాలకు ఒక ఎయిర్‌స్ట్రిప్ వేసుకుంది. మనం రామగుండం విమానాశ్రయం అని పిలుచుకునేది దాన్నే. 1981లో చిన్న పట్టణాలను కలపడానికి వాయుదూత్ విమాన సంస్థ పుట్టింది. ఆ దశాబ్దంలో రామగుండం కూడా దాని పటంలోకి ఎక్కింది. బొగ్గు గనులు, ఎరువుల కర్మాగారం, ఎన్టీపీసీ ఉన్న ఊరికి అది సహజంగా దక్కిన గౌరవం. వాయుదూత్ చేతిలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) సంస్థ కాన్పూర్‌లో తయారుచేసిన 19 సీట్ల డోర్నియర్ 228 విమానాలు ఉండేవి. పొట్టి రన్‌వేల మీద దిగడానికి అవి బాగా పనికొచ్చేవి. కానీ సంస్థ తన శక్తికి మించి ఊళ్లను తగిలించుకుంది. తక్కువ విమానాలు, ఎక్కువ ఊళ్లు. ఒక్కటి మరమ్మతుకు ఆగితే దాని దారిలోని ఊళ్లన్నిటికీ ఆ రోజు సర్వీసు లేనట్టే. 1993లో వాయుదూత్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బసంత్‌నగర్‌లో నేల ఉంది, విమానం లేదు.

విమానం పోషణ అంటే ఏమిటో దగ్గరగా చూస్తే గానీ ఈ వాదన బరువు తెలియదు. నాలుగు సీట్ల సెస్నా లాంటి పిస్టన్ ఇంజను విమానం గాల్లోకి లేచే ముందు రెక్కల్లోని ట్యాంకుల అడుగున ఉన్న చిన్న మరను నొక్కి, గాజులాంటి గొట్టంలోకి కాస్త పెట్రోలు వంపి వెలుతురుకు పట్టి చూస్తారు. విమానాల పెట్రోలుకు లేత నీలం రంగు కలుపుతారు కాబట్టి రంగు తేడా ఉంటే కల్తీ అని, అడుగున బుడగలా నిలిస్తే నీరని ఇట్టే తెలుస్తుంది. వానాకాలంలో సగం నిండిన ట్యాంకులో రాత్రికి రాత్రే తేమ నీరవుతుంది. ఆ నీళ్లు ఇంజనులోకి వెళితే టేకాఫ్ మధ్యలో ఇంజను ఆగుతుంది. తర్వాత రన్‌వే అంచున నిలబడి ఇంజను వేగం పెంచి రెండు మాగ్నెటోలను ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూస్తారు. ఒకటి చెడినా రెండోది నిప్పురవ్వ ఇవ్వాలన్నది అక్కడి ఏర్పాటు. ఇవి పైలట్ చేసే పనులు. ఆ తర్వాత ఇంజనీరు పని ఉంటుంది: 50 గంటలకో తనిఖీ, 100 గంటలకో తనిఖీ, ప్రతి పనికీ లాగ్‌బుక్కులో లైసెన్సున్న ఇంజనీరు సంతకం. లైకమింగ్ లాంటి కంపెనీలు చాలా ఇంజన్లకు 2,000 గంటలు గానీ 12 ఏళ్లు గానీ, ఏది ముందైతే అప్పుడు పూర్తిగా విప్పి బాగుచేయాలంటాయి. ఎగరకపోయినా ఏళ్లు లెక్కకొస్తాయన్నది ఇక్కడ గమనించాలి. నెలల తరబడి కదలకుండా పడున్న ఇంజను లోపల తుప్పు పడుతుంది. కాబట్టి విమానానికి నీడ, నూనె, రోజూ ముట్టుకునే చెయ్యి కావాలి. ఉత్తి నేల దాన్ని కాపాడదు.

దీనికి మొదటి అభ్యంతరం అందరికీ తెలిసిందే. ప్రయాణికులు లేక సర్వీసులు ఆగాయి, అందులో మెకానిక్కు పాత్ర ఏముంది? పెద్దపల్లి, రామగుండం మీదుగా ఢిల్లీ, మద్రాసు రైళ్లు నడుస్తుంటే హైదరాబాద్ వెళ్లేందుకు ఎవరు విమానమెక్కుతారు? ఇందులో నిజముంది. వాయుదూత్‌ను డబ్బులే దెబ్బతీశాయి. అయితే టికెట్టు కొనే ప్రయాణికుడు విమానాశ్రయానికి ఉన్న పనుల్లో ఒకడు మాత్రమే. శిక్షణ, రోగుల తరలింపు, కంపెనీల విమానాలు, అడవి మంటల మీద నిఘా, వరదలప్పుడు సహాయం లాంటి పనులకు షెడ్యూలు సర్వీసు అక్కర్లేదు. వాటికి కావలసింది ఒక విమానం రాత్రి నిలిచి, పొద్దున తనిఖీ అయి, ఇంధనం నింపుకుని లేవగల చోటు. ఆ చోటు లేనప్పుడు సర్వీసుతో పాటు మిగతా ఉపయోగాలన్నీ చచ్చిపోతాయి. బేగంపేట షెడ్యూలు విమానాలను పోగొట్టుకుని కూడా బతకడం, బసంత్‌నగర్ బతకలేకపోవడం ఈ తేడా వల్లనే.

సర్వీసులు పోయాక ఈ జిల్లాల ఆకాశంలో చిన్న విమానాలు, హెలికాప్టర్లు కనిపించేది ఎక్కువగా ఎన్నికలప్పుడే. ఊరి బయట మైదానంలో సున్నంతో హెచ్ అక్షరం గీస్తారు, నీళ్లు చల్లి దుమ్ము అణుస్తారు, ఫైరింజను నిలబెడతారు, గంట తర్వాత అంతా ఖాళీ. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య బెంగళూరు జక్కూరు ఏరోడ్రోమ్ నుంచి సెస్నా 180లో బయల్దేరింది కరీంనగర్ ఎన్నికల ప్రచారానికే. లేచిన కొద్దిసేపటికే ఆ విమానం పక్కనే ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో కూలింది. ఆమె, ఆమె అన్న అమర్‌నాథ్ సహా లోపలున్న నలుగురూ చనిపోయారు. 600 కిలోమీటర్లు పైబడిన దూరానికి ఒకే ఇంజనున్న విమానం, గమ్యంలో సాధారణ విమానాశ్రయం లేని ఊరు. తెలుగువాళ్లకు ఆ దుర్ఘటన సినిమా వార్తగా గుర్తుంది. కరీంనగర్ చరిత్రలో దాన్ని మరోరకంగానూ గుర్తుపెట్టుకోవాలి. మన కోసం ఎగిరే విమానం ఎలాంటిది, ఎవరు చూసి పంపారు అని అడగగల వ్యవస్థ దిగే చోట లేదు. అంతకు రెండేళ్ల ముందు, 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి ప్రయాణిస్తున్న బెల్ 206 హెలికాప్టర్ అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో కూలి ఆయన మరణించారు. రెండుసార్లూ చిన్న వాహనాలే, రాజకీయ ప్రయాణాలే.

రెండో అభ్యంతరం దీని మీదే వస్తుంది. ఇవి వాతావరణం వల్లనో పైలట్ పొరపాటు వల్లనో జరిగేవి, పోషణకూ పరికరాలకూ ముడిపెట్టడం సబబా అని. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ దుర్ఘటనపై ఆర్.కె. త్యాగి కమిటీ ఇచ్చిన నివేదిక ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తుంది. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 నల్లమలలో మేఘాల మధ్య చిక్కుకుంది. కిందికి నొక్కే బలమైన గాలిలో పడి అదుపు తప్పిందన్నది కమిటీ తేల్చిన కారణం. అంటే వాతావరణమే. కానీ ఆ చివరి నిమిషాల్లో పైలట్లిద్దరూ గేర్‌బాక్సు ఆయిలు వ్యవస్థలో వచ్చిన లోపానికి పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారని, వాతావరణం నుంచి పక్కకు తప్పుకోలేదని కూడా అదే కమిటీ చెప్పింది. యంత్రంలో ఒక హెచ్చరిక దీపం ఇద్దరు అనుభవజ్ఞుల దృష్టిని కిటికీ మీంచి తప్పించింది. పోషణ లోపం, పైలట్ పొరపాటు, వాతావరణం అని మూడు వేర్వేరు గడుల్లో రాసుకోవడం మన సౌకర్యం కోసమే. కాక్‌పిట్‌లో ఆ మూడూ ఒకే నిమిషంలో కలిసి వస్తాయి.

ఆ రోజు మరో విషయం కూడా బయటపడింది. హెలికాప్టర్ ఎక్కడుందో తెలియడానికి దాదాపు ఒక రోజు పట్టింది. యుద్ధ విమానాలు, ఉపగ్రహ చిత్రాలు, వేలమంది మనుషులు వెతికాక మర్నాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. కూలిన చోటును ఆకాశానికి చెప్పే రేడియో పెట్టె ఒకటుంటుంది. ఈఎల్‌టీ అంటారు. దాని చరిత్ర కూడా ఒక అడవి విషాదం నుంచే మొదలైంది. 1967 మార్చిలో కాలిఫోర్నియా మంచుకొండల్లో ఒక సెస్నా 195 కూలింది. అందులోని కుటుంబం బతికే ఉంది. తండ్రి సాయం కోసం వెళ్లి తిరిగి రాలేదు. తల్లీ కూతుళ్లు ఎదురుచూశారు, 54 రోజుల పాటు బతికి ఉన్నట్టు కూతురు డైరీలో రాసుకుంది. శకలాలు దొరికింది అక్టోబరులో. ఆ దుఃఖం నుంచే 1970లో అమెరికా చిన్న విమానాల్లో ఈ పెట్టె తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. మొదటి తరం పెట్టెలు 121.5 మెగాహెర్ట్జ్ మీద పలికేవి. ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి 1 నుంచి ఆ పిలుపును వినడం మానేశాయి, 406 మెగాహెర్ట్జ్ పిలుపునే వింటున్నాయి. మన దేశంలో ఆ పిలుపు అందుకునే కేంద్రం బెంగళూరులో ఇస్రో దగ్గర ఉంది. ఈ కొత్త పెట్టె తన గుర్తింపు సంఖ్యను కూడా పంపుతుంది. కానీ యజమాని పేరు, ఫోను నమోదు చేయకపోతే ఆ సంఖ్య ఎవరిదో వెతకడానికే సమయం పోతుంది. బ్యాటరీ ఆయుష్షు సగం తీరగానే మార్చాలని అమెరికా నిబంధన. పరికరం కొనడం ఒక్క రోజు పని, దాన్ని బతికించుకోవడం ఏళ్ల పని. కవ్వాల్, కెరమెరి, ప్రాణహిత ఒడ్డు అడవుల మీద ఎగిరే ఏ యజమానికైనా ఈ తేడా ప్రాణం ఖరీదు చేస్తుంది.

మూడో అభ్యంతరం యజమానుల నుంచి వస్తుంది. అది తేలిగ్గా కొట్టిపారేయాల్సింది కాదు. పెద్ద సంస్థలకు రాసిన నిబంధనలు ఒక చిన్న సెస్నా యజమాని మీద పడితే ఖర్చు మోయలేడు, కాగితాల పనికే అలసిపోతాడు, చివరికి ఎగరడమే మానేస్తాడు అంటారు. మన చట్టం వయసు చూస్తే ఈ మాటలో బాధ అర్థమవుతుంది. 1934 నాటి విమానాల చట్టం, 1937 నాటి నియమాలు స్వాతంత్ర్యానికి ముందువి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు చట్టబద్ధ హోదా వచ్చింది 2020లో. భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చి పాత చట్టం స్థానం తీసుకుంది. నియమాలను విమానం బరువుకు, వాడకానికి తగ్గట్టు కొలత మార్చి రాయమని అడగడం న్యాయమే. అయితే భారం తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి తనిఖీని తగ్గించడం. రెండోది తనిఖీని దగ్గరకు తేవడం. ఇంజనీరు సంతకం కోసం 300 కిలోమీటర్లు విమానాన్ని తీసుకెళ్లాల్సి వస్తే ఏ నిబంధనైనా హింసలాగే ఉంటుంది. అదే ఇంజనీరు రన్‌వే పక్కనే ఉంటే, నలుగురు యజమానులు ఒకే షెడ్డు, ఒకే పనిముట్ల పెట్టె పంచుకుంటే అదే నిబంధన రోజువారీ అలవాటు అవుతుంది. మొదటి దారి ఖర్చును ఎక్కేవాళ్ల ప్రాణాల మీదికి నెడుతుంది. రెండోది ఖర్చునే తగ్గిస్తుంది.

కాబట్టి ఆదిలాబాద్, మామునూరు పథకాల్లో టెర్మినల్ బొమ్మ కన్నా ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. చిన్న విమానాలు నిలిచేందుకు షెడ్డుకు స్థలం కేటాయించారా? నీలిరంగు పెట్రోలు, జెట్ ఇంధనం రెండూ నిల్వ ఉంటాయా? గాలి, మేఘం, చూపు దూరం కొలిచి పైలట్‌కు చెప్పే పరికరాలు మొదటి రోజు నుంచే ఉంటాయా? ఇంటర్మీడియెట్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం చదివిన పిల్లలు విమాన మరమ్మతు ఇంజనీరు లైసెన్సుకు చదువుకోవచ్చు. సింగరేణి యంత్రాల మధ్య పెరిగిన మంచిర్యాల, గోదావరిఖని యువతకు యంత్రం కొత్త కాదు. వాళ్లకు ఆ శిక్షణ ఇక్కడే దొరుకుతుందా? రన్‌వేకు కోట్లు పెట్టి వీటిని తర్వాత చూద్దాం అంటే, నిజాం కాలంలోనూ వాయుదూత్ కాలంలోనూ చేసిన పనే మళ్లీ చేస్తాం. ఈసారి శంకుస్థాపన శిలాఫలకం మీద రన్‌వే పొడవుతో పాటు అక్కడ పనిచేయబోయే లైసెన్సున్న ఇంజనీర్ల సంఖ్య కూడా చెక్కించమని జిల్లాల ప్రజలు పట్టుబట్టాలి. ఆ సంఖ్య సున్నా అయితే, రన్‌వే ఎన్ని కిలోమీటర్లున్నా ఆ విమానాశ్రయం తెరవడానికి ఇంకా అనుమతి ఇవ్వకూడదు.