పెన్నేటి సీమకు వచ్చిన పరదేశ సాహిత్యము

1652లో టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు జమ్మలమడుగు చెంతనున్న గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. అతని యాత్రాగ్రంథము 1676లో ప్యారిసునందు అచ్చయినది. అది రత్నముల కథ; కవిత్వపు కథ గాదు. 1820లో కడపకు కొలువునకై వచ్చిన బ్రౌనుదొర వేమన పద్యములను ఇంగ్లీషున కెత్తి 1829లో ప్రకటించెను. మన మాట ఆవలివారి యింటికి ఇట్లు చేరినది. ఆవలివారి మాట మన ముంగిటికి వచ్చిన తెరువేది?

ప్రొద్దుటూరనగానే పుట్టపర్తి నారాయణాచార్యులవారు స్మరణకు వత్తురు. 1914లో జనించిన ఈయన పెనుగొండలో బాల్యముననే పిట్ దొరసాని యొద్ద ఆంగ్లసాహిత్యము చదివెను. శివతాండవము రచించిన ఆ చేతితోనే విశ్వనాథవారి ఏకవీరను మలయాళమున కనువదించెను. ఇంగ్లీషునను కవిత చెప్పెను. పదునాల్గు భాషలు నేర్చినాడని ప్రసిద్ధి. మాకు ఆ పాండిత్యముపై గౌరవము మెండు. కాని సంసారమీదు ఇల్లాలు పదునాల్గు భాషలు నేర్వగలదా? ఆమెకు అనువాదమే దిక్కు.

ఆ పనికి పూనుకొన్నవాడు పులివెందుల ప్రాంతపు పైడిపాలెమున 1922లో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు. రా.రా. యన్న నెరుగనివారరుదు. 1968లో కడపనుండి సంవేదన యను త్రైమాసికమును నడిపి, కత్తివంటి విమర్శ వ్రాసి, పలువురకు కంటగింపైనాడు. పిదప మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయమున కొన్నేండ్లు అనువాదకుడుగా నుండి చెహోవ్ కథలను తెలుగు చేసెను. ఆ యనుభవము పిమ్మట అనువాద సమస్యలు అను గ్రంథమునకు అక్కరకు వచ్చినది. 1988 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము దానికి లభించెను. ఆయన కన్నుమూసినదియు ఆ యేటనే.

ఆ సమస్య ఎట్టిదో ఒక్క కథతో చూతము. చెహోవ్ 1886లో వ్రాసిన వాన్కాలో, చెప్పులు కుట్టువాని యింట పనినేర్వ వచ్చిన తొమ్మిదేండ్ల పిల్లవాడు దెబ్బలకోర్వలేక తాతకు జాబు వ్రాయును; పల్లెలోని తాతకని చిరునామా పెట్టును. రష్యనులు మర్యాదకు పేరుతోపాటు తండ్రిపేరును చేర్చి పిలుతురు. ముద్దునకు పేరును కురుచచేయుదురు. ఇవాన్ వాన్కా యగుట అట్టిదే. ఉన్నదున్నట్లు దించినచో మన చదువరి ఒకే మనిషిని ముగ్గురనుకొనును. మనకో, గౌరవమునకు గారు కలదు, ప్రేమకు వరుసలు కలవు. అయినను ఆ బాలుని చేత తాతా యనిపింపవలెనా, కడపవారి నోట జేజినాయనా యనిపింపవలెనా? రెండవది హృదయమునకు దగ్గర. కాని మంచు కురియు ఊరు ఒక్కసారిగా మన పల్లెయైపోవును. మేము మొదటిదానికే మ్రొగ్గుదుము. మా యింటివారు ఒప్పుకొనలేదు. ఈ వాదు మాలో తెగలేదు.

1991లో సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమగుటతో చవుక వెలకు వచ్చుచుండిన ఆ తెలుగు పుస్తకముల రాక నిలిచినది. నేటికిని పాతప్రతులు కొన్ని ఇంటినుండి ఇంటికి ఎరువు పోవుచున్నవి. మా ప్రతి పోయి రెండేండ్లయినది.