నక్షత్రాల ఉష్ణోగ్రత కొలత
నక్షత్రపు ఉపరితల ఉష్ణోగ్రతను దాని వెలుగును బట్టే నిర్ధారిస్తారు, లెక్క కెల్విన్‌లలో. వేడి పెరిగేకొద్దీ వెలుగు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. రామచంద్రపురం ప్రాంతపు వరి రైతులు కార్తెల పేర్లుగా ఎరిగిన చుక్కల్లోనే ఈ తేడా కంటికి కనిపిస్తుంది: ఎర్రటి ఆరుద్ర సుమారు 3,500, నారింజ ఛాయ రోహిణి 3,900, నీలితెలుపు చిత్త 25,000 కెల్విన్‌లు. సూర్యుడు 5,772.

కంటి అంచనా చాలదు. టెలిస్కోపుకు నీలి ఫిల్టరు ఒకసారి, పసుపుపచ్చది ఒకసారి అమర్చి, ఒక్కోదానిలోంచి ఎంత వెలుగు వస్తుందో ఫోటోమీటరుతో కొలుస్తారు. ఆ తేడాయే రంగు సూచిక. హైదరాబాదు సమీపాన రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నెలకొల్పిన 48 అంగుళాల టెలిస్కోపుతో జంట నక్షత్రాలను ఇలా ఫిల్టర్లలోంచి ఏళ్ల తరబడి పరిశీలించారు. అయితే దారిలోని ధూళి నీలికాంతిని మింగి చుక్కను ఉన్నదానికంటే చల్లగా చూపుతుంది; ఆ మేరకు సవరించాలి.

ఇంకా నమ్మదగినది వర్ణపటం. అందులోని నల్లగీతల బలాబలాలు వేడికి పరమాణువులు ఎలక్ట్రాన్లను ఎంతమేర కోల్పోయాయన్న దానిమీద ఆధారపడతాయి. ఆ లెక్కకు మేఘనాద్ సాహా 1920లో సమీకరణం ఇచ్చారు. భారతీయ విజ్ఞానం సాధించిన మహత్తర ఫలితాల్లో అదొకటి. దాని ఆధారంగానే సిసీలియా పేన్ 1925లో నక్షత్రాల ఉష్ణోగ్రతా క్రమాన్ని నిర్ణయించారు. హైడ్రోజన్ గీతలు 10,000 కెల్విన్‌ల దగ్గర అత్యంత గాఢంగా ఉంటాయి. హీలియం గీతలు కనిపిస్తే వేడి అంతకు మించిందన్నమాట.