పిలాతు చేతులు ఎవరు కడిగారు?

యేసుకు మరణశిక్ష విధించినవాడు రోము గవర్నరు పొంతి పిలాతు. శిక్ష అమలు జరిపినవారు అతని సైనికులు. యూదుల రాజునన్నాడన్నదే సిలువపై వ్రాసిపెట్టిన నేరమని నాలుగు సువార్తలూ ఒప్పుకుంటున్నవి. అయినా ఆ కథ చదివి ముగించేసరికి పాఠకుని మనస్సులో దోషిగా నిలిచేది యూదజాతి. మత్తయి సువార్తలోనైతే పిలాతు నీళ్ళు తెప్పించుకొని అందరి ఎదుటా చేతులు కడుక్కుంటాడు. ఈ తారుమారు ఎట్లా జరిగింది? విశ్వాసుల భక్తితో మనకు తగవులేదు. ఇది చరిత్ర విద్యార్థి వేసుకోవలసిన ప్రశ్న.

సిలువ యూదుల ధర్మశాస్త్రం విధించిన శిక్ష కాదు. రోము ప్రధానంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసిన శిక్ష అది. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచి, సుమారు 6,000 మంది బానిసలను రహదారి పొడవునా సిలువ వేశారు. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోగానే యూదుల దేశంలో తిరుగుబాట్లు లేచినప్పుడు, సిరియా గవర్నరు వారుస్ 2,000 మందిని సిలువ వేయించాడని యూదు చరిత్రకారుడు జోసిఫస్ వ్రాశాడు.

ఆ తిరుగుబాట్లకు మూలం ఏమిటి? క్రీ.పూ. 63లో పాంపే యెరూషలేమును పట్టుకున్ననాటి నుంచి ఆ దేశం రోముకు లోబడింది. క్రీ.శ. 6లో యూదయ రోమను గవర్నరు ఏలుబడిలోకి రాగానే పన్నుకోసం జనుల ఆస్తిపాస్తులు లెక్క వ్రాశారు. ఆ పన్ను కట్టడం బానిసత్వమనీ, దేవుడు తప్ప తమకు వేరే యజమాని లేడనీ గలిలయుడైన యూదా ప్రజలను లేవదీశాడు. ఈ మాటలో మతం ఎంత, రాజకీయం ఎంత అని విడదీయబోతే రెండూ అర్థం కాకుండా పోతవి. ఆనాటి రైతు తన రాజకీయాన్ని చెప్పుకోగలిగిన భాష మతమే.

పాలకులకూ ఆ సంగతి తెలుసు. అందుకే ప్రధానయాజకుణ్ణి నియమించడం, తొలగించడం గవర్నరు తన చేతిలో పెట్టుకున్నాడు. పండుగలనాడు యాజకుడు ధరించే వస్త్రాలు సైతం కొంతకాలం రోమను కోటలోనే ఉండేవి. క్రీ.శ. 18 నుంచి 36 దాకా ఆ పదవిలో ఉన్న కయప అట్లా నియమితుడైనవాడే. కనుక యూదులందరినీ ఒక్క గాటకట్టడం పొరపాటు. క్రీ.శ. 66లో యుద్ధం ఆరంభమైనప్పుడు యెరూషలేములోని తిరుగుబాటుదారులు ప్రధానయాజకుని ఇంటికి నిప్పుపెట్టి, ఆ వెంటనే ఋణపత్రాలు దాచిన కచేరీని తగలబెట్టారు. బాకీదారులను తమ పక్షానికి తిప్పుకోవడానికి, బీదలను ధనికులపైకి లేపడానికి ఆ పని చేశారని జోసిఫస్ చెబుతున్నాడు. ఆయన యాజక కుటుంబంలో పుట్టి, చివరకు రోము పక్షం చేరినవాడు కాబట్టి ఈ సాక్ష్యానికి మరింత విలువ ఉన్నది.

క్రీ.శ. 70లో తీతు దేవాలయాన్ని నేలమట్టం చేశాడు. అంతవరకు యూదులు ఆ దేవాలయానికి ఇచ్చుకుంటున్న కానుకను ఇకమీదట రోములోని జూపిటర్ గుడికి పన్నుగా చెల్లించమన్నారు. ఎక్కువమంది పండితుల అభిప్రాయంలో మార్కు సువార్త ఈ సమయానికి కొంచెం అటూ ఇటూగా, తక్కినవి తరువాతి దశాబ్దాలలో వచ్చినవి. ఓడిన జాతిలో పుట్టి, దానినుంచి వేరుపడుతూ, సమాజమందిరాలతో కలహిస్తూ, రోము నగరాలలోనే బ్రతకవలసిన చిన్న బృందాల గ్రంథాలవి. తమ ప్రభువు రాజద్రోహిగా శిక్ష పొందాడని ఆ నగరాలలో చెప్పుకోవడం ఎంత ప్రమాదమో ఊహించవచ్చు. అందుకే కాబోలు పిలాతు మెత్తబడ్డాడు. ఫైలో, జోసిఫస్‌లు చిత్రించిన పిలాతు వేరు: లంచగొండి, విచారణ లేకుండా చంపించినవాడు, దేవాలయ ధనంతో కాలువ కట్టిస్తూ, అడ్డుచెప్పిన గుంపును దుడ్డుకర్రలతో కొట్టించినవాడు.

అయితే ఆ తొలి క్రైస్తవులను పిరికివారని తేల్చివేయరాదు. పై అధికారులకు లోబడమని పౌలు బోధించిన మతంలోనే, రోమును బబులోను అని దూషించి దాని పతనాన్ని కోరిన ప్రకటన గ్రంథమూ పుట్టింది. 1894లో ఎంగెల్స్ తొలి క్రైస్తవాన్ని పీడితుల ఉద్యమంగా గుర్తించి, కార్మికోద్యమంతో పోల్చాడు. ఆ పోలికను మనం ఇష్టంగా చెప్పుకుంటాం. కాని ఓటమి తరువాత ఆ ఉద్యమం తన గతాన్ని ఎట్లా తిరిగి వ్రాసుకున్నదో అంత శ్రద్ధగా చూడం.

ఆ తిరగవ్రాత ఫలితం దారుణమైనది. 313లో క్రైస్తవానికి రాజానుమతి లభించింది, 380లో అది రాజమతమైంది. బలహీనులు ప్రాణరక్షణకు చెప్పుకున్న మాట అప్పుడు బలవంతుల చేతికి వచ్చింది. క్రీస్తును చంపినవారన్న నిందతోనే 1096లో రైను నదీతీర నగరాలలో యూదులను ఊచకోత కోశారు. ఆ మరణానికి యూదులందరినీ బాధ్యులను చేయరాదని రోమను కాథలిక్ సభ అధికారికంగా ప్రకటించింది 1965లో.

ఏ గ్రంథాన్ని పాఠం చెప్పినా ఎవరు వ్రాశారని అడిగి ఊరుకుంటున్నాం. ఏ ఓటమి తరువాత, ఎవరి కన్నెదుట కూర్చుని వ్రాశారని కూడా విద్యార్థి చేత అడిగించాలి. మన ఉద్యమాలు వ్రాసుకున్న చరిత్రలను సైతం ఆ ప్రశ్ననుంచి మినహాయించరాదు.