అణా కూలి, కాలువ నీళ్లు

పనుల్లేక జనం అల్లాడుతున్నప్పుడు ప్రభుత్వం అప్పు చేసైనా పనులు పెట్టించాలన్న ఆలోచన 1930ల మాంద్యంలో పుట్టిందని ఆర్థికశాస్త్ర పాఠాలు చెబుతాయి. 1935లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం అమెరికాలో లక్షల మందిని రోడ్లు, వంతెనల పనుల్లో పెట్టింది. మరుసటి ఏడాది కీన్స్ ఆ రకం ఖర్చుకు సిద్ధాంతం రాశాడు. అంతకు అరవై ఏళ్ల ముందే కర్నూలు, కడప జిల్లాల్లో జనం సర్కారు కూలికి కంకర కొట్టారు, గంపలతో మట్టి మోశారు. తేడా అంతా ఉద్దేశంలోనే. అక్కడ కూలివాడి చేతిలో డబ్బు పడితే బజారు కదులుతుందని లెక్క కట్టారు. ఇక్కడ మనిషి ప్రాణం పోకుండా ఎంత తక్కువతో సరిపెట్టొచ్చో లెక్క కట్టారు. కరువు పనులంటే దుబారా అన్న మాట మనకు అలవాటైపోయింది గానీ, ఈ రెండు జిల్లాల అనుభవం వేరు. ఇక్కడ నష్టం తెచ్చింది ఎక్కువ ఖర్చు కాదు. ఆలస్యంగా, చాలీచాలని కూలితో పెట్టిన ఖర్చు.

దుబారా అని మొదట పేరు పడింది కర్నూలు-కడప (కె.సి.) కాలువకు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కడప దాకా దాదాపు 190 మైళ్ల కాలువ తవ్వింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి 5 శాతం వడ్డీ పూచీ ప్రభుత్వానిది. లాభం వచ్చినా రాకపోయినా ఇంగ్లండులోని వాటాదారుకు వడ్డీ ముట్టింది, భారం ఇక్కడి పన్నుల మీద పడింది. పడవలు నడుస్తాయని లాకులు కట్టారు, ఆశించిన సరుకు రాలేదు. నల్లరేగడిలో వాన మీదే జొన్న, పత్తి పండించుకునే రైతు నీటి తీరువా కట్టడానికి తొందరపడలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే సుమారు 3 కోట్ల రూపాయలకు దాన్ని కొనుక్కుంది. ఖాతా పుస్తకంలో ఇది దండగ బేరమే, అందులో వాదన లేదు. వాటాదారుకు పూచీ ఇచ్చి రైతును అడగకుండా తవ్విన తప్పు అది. అయినా ఇవాళ అదే కాలువ కింద 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. నంద్యాల చుట్టుపక్కల వరి పండుతున్నదంటే అందులో ఆ దండగ బేరం వాటా పెద్దది. మౌలిక వసతి మీద ఖర్చును పదేళ్ల రాబడితో కొలిచి తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చూపడానికి రాయలసీమలో ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

కాలువ కంపెనీ చేతిలో ఉండగానే ధాత కరువు వచ్చింది. 1876లో వానలు తప్పాయి. అప్పటికి కర్నూలు జిల్లాలో రైలు లేదు. ధాన్యం గుత్తి స్టేషన్‌లో దిగి ఎడ్లబండ్ల మీద రావాలి, మేత లేక ఎడ్లే చచ్చిపోతున్నాయి. మద్రాసు ప్రభుత్వం మొదట కాస్త ఉదారంగానే పనులు తెరిచింది. అది నచ్చని వైస్రాయ్ లిట్టన్ 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపాడు. ఈ టెంపుల్ అంతకు మూడేళ్ల ముందు బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి, ఆకలి చావులు దాదాపు లేకుండా చూసినవాడు. అంత ఖర్చు ఎందుకు పెట్టావని ఇంగ్లండు పత్రికలు ఆయన్ను దుమ్మెత్తిపోశాయి. ప్రాణాలు నిలిపినందుకు చీవాట్లు తిన్న అధికారి మద్రాసుకు వచ్చేసరికి పొదుపు పాఠం బాగా ఒంటబట్టించుకున్నాడు. మగ కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఒక అణా అని నిర్ణయించాడు. పౌనంటే అరకిలో కన్నా తక్కువ. దానితో పొద్దస్తమానం రాయి కొట్టాలి. అది చాలదని, కనీసం పౌనున్నర కావాలని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు, అప్పటికే ఆలస్యమైంది. 1871లో 9.14 లక్షలున్న కర్నూలు జిల్లా జనాభా 1881 నాటికి 6.78 లక్షలకు పడిపోయింది. అందులో వలస పోయినవాళ్లూ ఉంటారు. అలా చూసినా పదేళ్లలో నాలుగో వంతు మంది లేకుండా పోయిన జిల్లా అది.

కూలి బాగా ఇస్తే అవసరం లేనివాళ్లూ ఎగబడతారు, ఖజానా ఖాళీ అవుతుంది అన్నది టెంపుల్ వైపు వాదన. కూలి తగ్గించగానే పనుల్లో తల లెక్క తగ్గింది కూడా. అయితే తగ్గినవాళ్లు ఇంట్లో గింజలుండి వెళ్లినవాళ్లేనని ఆ లెక్క చెప్పదు. పనికి ఒళ్లు సహకరించనివాడు, దూరాన ఉన్న పెద్ద పనుల దాకా నడవలేనివాడు కూడా మస్టర్ నుంచి అలాగే మాయమవుతాడు. ఇక ఖజానా సంగతి. కరువు కోసమని ఏటా కోటిన్నర రూపాయలు పక్కన పెడతామని 1878లో కొత్త పన్నులు వేశారు. ఆ సొమ్ము అఫ్ఘాన్ యుద్ధానికి మళ్లిందన్న ఆరోపణ వెంటనే వచ్చింది. డబ్బు లేక కాదు, ఈ జనం మీద పెట్టడానికి మనసు లేకే అనడానికి అదొక్కటి చాలు.

1880 నాటి కరువు కమిషన్ ఈ చావుల నుంచి కొంత నేర్చుకుంది. కరువు వచ్చాక పనులు వెతుక్కోకుండా జిల్లాల్లో పథకాలు ముందే గీసి ఉంచుకోవాలంది, కాపుదల రైలు మార్గాలు వేయాలంది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి కోస్తాకు వెళ్లే మార్గం 1880లలో ఆ ఊపులోనే పడింది. కానీ అనుమానం పోలేదు. కరువు నిజమో కాదో తేల్చడానికి ముందు కఠినమైన పరీక్ష పనులు పెట్టి, జనం వస్తేనే కరువని ఒప్పుకునే పద్ధతి కరువు కోడ్‌లో నిలిచిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1952లోనూ సీమలో గంజి కేంద్రాలు తెరవాల్సి వచ్చింది, బావులు లోతు చేయడానికి సైన్యాన్ని దింపాల్సి వచ్చింది.

అడిగినవాళ్లకు పని చూపడం సర్కారు బాధ్యత అన్న మాట చట్టమైంది 2005లో. ఆ చట్టంలో ఏటా ఇంటికి 100 రోజుల పని, 15 రోజుల్లో కూలి అని రాశారు. కలెక్టరు కరువు ప్రకటిస్తే వచ్చే దయ కాకుండా పని హక్కుగా మారింది. గుంతలు తవ్వి గుంతలు పూడ్చడమే కదా అని ఎద్దేవా చేసేవాళ్లున్నారు. నాసిరకం పనులూ, దొంగ మస్టర్లూ లేకపోలేదు. కానీ పూడిక తీసిన చెరువు, పొలంలో నీటి కుంట, మెట్టలో నాటిన మామిడి, ఇవన్నీ వాన చుక్క విలువైన నేలలో వృథా అనడం కె.సి. కాలువను వృథా అన్నవాళ్ల లెక్క లాంటిదే. కూలి రేట్లు పెరిగి సేద్యం గిట్టడం లేదన్న రైతు మాటలో నిజముంది. దానికి జవాబు పంటకు ధర పెంచడం, పనుల్ని ఎండాకాలానికి జరపడం. కూలివాడి కడుపు కోయడం కాదు. ఇక కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు జనం ఇప్పటికీ గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతున్నారంటే ఊళ్లో పని పెట్టడం తప్పని కాదు, ఆ కూలి చేతికి రావడం ఆలస్యమవుతోందని. ఆలస్యం కర్నూలుకు మొదటి నుంచీ ఉన్నదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ చట్టం కింద పథకం మొదలైనప్పుడు తొలి 200 జిల్లాల్లో కడప ఉంది. కర్నూలు రెండో విడత దాకా, 2007 దాకా ఆగాల్సి వచ్చింది.